పత్రం లేని చెట్లు

కోటిలంక ప్రభుత్వ వృక్షోద్యానంలో ఎనిమిది వందల పన్నెండు చెట్లున్నాయి. అవన్నీ బతికే ఉన్నాయన్న సంగతి కోటిలంకలో అందరికీ తెలుసు. కాకులకి తెలుసు, ఉడతలకి తెలుసు. రోజూ పొద్దున్నే నడకకు వచ్చి, చెట్ల వంక ఒక్కసారైనా చూడకుండా తమ షుగర్ గురించి మాట్లాడుకుని వెళ్లిపోయే పెద్దమనుషులకి కూడా తెలుసు. తెలియనిదల్లా రాజధానిలో ఉన్న ప్రధాన కార్యాలయానికే.

అందులో ఆ కార్యాలయం తప్పేమీ లేదు. అంతకు ముందు ఏడాది ఒక పెద్ద అధికారి వేరే జిల్లాలోని తోటకి వెళ్లారు. అక్కడ ఒక నేరేడు చెట్టు రికార్డు ప్రకారం పదకొండేళ్లుగా వేళకి నీళ్లు తాగుతూ, ఎరువు తింటూ, ఏటా "ఆరోగ్యముగా నున్నది" అనిపించుకుంటోంది. అంత బుద్ధిమంతురాలైన చెట్టును ఒకసారి చూద్దామని ఆయన సరదాపడ్డారు. ఎంత వెతికినా చెట్టు కనిపించలేదు. అది తుపానులో పడిపోయి పదకొండేళ్లయిందనీ, అయ్యగారు ప్రస్తుతం కూర్చున్న బెంచీ అదేననీ అక్కడి తోటమాలి వినయంగా మనవి చేశాడు. ఆయన చటుక్కున లేచారు. లేచిన ఊపులోనే ఉత్తర్వు పుట్టింది.

ఆ ఉత్తర్వు కోటిలంక చేరేనాటికి కార్తీకం సగమైంది. పారిజాతం పూత వెనకబట్టింది. చలి ఇంకా దిగలేదు గాని, పొద్దున్నే గోదావరి మీంచి వచ్చే గాలిలో దాని కబురు తెలుస్తోంది. గుబ్బల మంగతాయారు సంపెంగ మొదట్లో మట్టి గుల్ల చేస్తూండగా ఆఫీసులోంచి పిలుపు వచ్చింది.

మంగతాయారు తోటలో ఉద్యోగి కాదు. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా, అందులో చివరి పన్నెండేళ్లు హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. రిటైరైన మూడో రోజున పొద్దున్నే లేచి, తయారై, వెళ్లడానికి వార్డు లేదని గుర్తొచ్చి, ఎదురుగా ఉన్న తోటలోకి వెళ్లింది. జీతం లేకుండా పనిచేస్తానంటే ఎవరూ నమ్మలేదు. మూడు నెలలు విచారించి, చివరికి "గౌరవ తోటమాలి" అని ఒక కార్డు ఇచ్చారు. అప్పట్నించి రోజూ ఆరు గంటలకి వార్డులో రౌండ్లు తిరిగినట్టు చెట్ల మధ్య తిరుగుతుంది. ఏ చెట్టుకి ఎప్పుడు చిగురొస్తుందో, ఏది ఎప్పుడు ఆకు దులుపుతుందో నోటికి చెప్తుంది. తోటలో అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు.

ఆఫీసులో డైరెక్టరు ఉప్పులూరి దక్షిణామూర్తి గారు, సీనియర్ అసిస్టెంటు పుల్లంరాజు, పెద్ద తోటమాలి తాతబ్బాయి ఉన్నారు. పుల్లంరాజు గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివాడు.

"పింఛనుదారులు ఏటా తాము జీవించియున్నట్లు ధ్రువీకరణ పత్రము సమర్పించుచున్న విధముగనే, ఇకమీదట ప్రభుత్వ ఉద్యానములలోని ప్రతి వృక్షము కూడ తాను జీవించియున్నట్లు ఏటా ధ్రువీకరణ పత్రము సమర్పించవలెను. వేలిముద్రకు బదులుగా సదరు వృక్షము యొక్క పత్రమును సిరాలో అద్ది ముద్ర వేయవలెను. వృక్షమును వ్యక్తిగతముగా ఎరిగిన ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ముఖము స్పష్టముగా కనబడునట్లు ఫొటో జతపరచవలెను."

"ముఖం ఎటండి చెట్టుకి?" అన్నాడు తాతబ్బాయి.

"గేటు వైపు," అన్నారు డైరెక్టరు గారు, కొంచెం ఆలోచించి.

"నేనూ ఏటా ఇస్తున్నానండి ఆ పత్రం," అంది మంగతాయారు. "ఎదురుగా నిలబడి నేను మంగతాయార్నండీ అన్నా, కాగితం ఏదమ్మా అంటారు. పాపం, చెట్లకి కూడా వచ్చిందన్నమాట ఆ యోగం."

సాక్షులుగా తాతబ్బాయినీ, మంగతాయారునీ వేశారు. తోటని వ్యక్తిగతంగా ఎరిగినవాళ్లు వాళ్లిద్దరే.

*

పని మర్నాడే మొదలైంది. పుల్లంరాజు సిరా దిమ్మ, అర్జీల కట్ట, మడత బల్ల పట్టుకుని ముందు నడిచాడు. అతను మంచివాడు. జీవితంలో అతనికి తెలిసిన ఆనందం ఒక్కటే, ఖాళీ గడి నింపడం.

మామిడి, పనస, పొగడ, నేరేడు బుద్ధిగా ముద్రలు వేశాయి. చింత దగ్గర మొదటి చిక్కు వచ్చింది. చింతాకు ముద్ర కాగితం మీద చీమ కాలు పెట్టినట్టుంది. ఇది ముద్రా, మరకా అని పై వాళ్లు అడుగుతారని పుల్లంరాజు భయపడి, మొత్తం రెమ్మంతా అద్దించాడు. అరటి ఆకు బల్ల కంటే పెద్దది. అర్జీ మీద ఆకు పట్టలేదు కాబట్టి ఆకు మీదే అర్జీ అంటించి ఫైల్లో పెట్టారు. ఫైలు మూయడానికి ఇద్దరు కూర్చోవలసి వచ్చింది. వెదురు పొద ఒక చెట్టా, అరవై చెట్లా అన్న ప్రశ్న ఒక పూటంతా తిన్నది. చివరికి ఉమ్మడి కుటుంబంగా రాసుకుని, అన్నిటికంటే పొడుగ్గా ఉన్న బొంగును ఇంటి యజమానిగా తీసుకున్నారు. బ్రహ్మజెముడుకి ఆకే లేదు. ఉందేమోనని వెతకబోయిన పుల్లంరాజు వేలిలో ముల్లు దిగి, అర్జీ మీద ఎర్రటి చుక్క పడింది. అతను దాన్ని చూసి కాస్త తటపటాయించి, "ముద్ర స్పష్టముగా నున్నది" అని రాశాడు.

ప్రతి చెట్టు దగ్గరా అతను తాతబ్బాయిని అడిగేవాడు. "ఈ వృక్షమును నీవు వ్యక్తిగతముగా ఎరుగుదువా?"

"ఎరక్కపోవడమేంటండి బాబూ. దీన్ని పాతింది మా నాన్నండి, ఆయ్."

తాతబ్బాయి తండ్రి ఆ తోటకి మొదటి మాలి. తోటలో సగం చెట్లు ఆయన చేతి మీదే లేచాయి.

ఏడు వందల డెబ్బై ఎనిమిది చెట్లు బతికున్నట్టు తేలేసరికి పుష్యమాసం వచ్చేసింది. అప్పుడు తోటకి తూర్పు కొసన ఉన్న మెట్ట అడవి భాగానికి చేరారు. అక్కడ బూరుగులు, మోదుగలు, కొండగోగులు కలిపి ఇరవై రెండు, టేకులు పన్నెండు. ముప్పై నాలుగూ నిలువునా మోడులై నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. కింద రాలిన ఆకుల్ని కూడా తాతబ్బాయి శుభ్రంగా ఊడ్చి ఎరువు గుంటలో వేసేశాడు.

పుల్లంరాజు సిరా దిమ్మ మూత తీసి, పైకి చూసి, మళ్లీ మూత పెట్టేశాడు.

"సిస్టరమ్మగారూ, పత్రం లేదండీ."

"పుష్యంలో ఎందుకుంటుందండీ? నీళ్లు తక్కువ గనక ఆకు దులిపేసి పడుకుంటాయి. ఫాల్గుణం నించి ఒక్కొక్కటే లేస్తాయి."

"అది సరేనండీ. పత్రం లేని చెట్టుకి పత్రం ఎలా ఇవ్వనండీ?" అన్నాడు పుల్లంరాజు దీనంగా.

మంగతాయారు దగ్గరున్న బూరుగు కొమ్మని వంచి, బొటనవేలి గోటితో బెరడు కొంచెం గీకింది. లోపల లేత పచ్చదనం తడిగా మెరిసింది. "ఇదిగో, నాడి ఆడుతోంది."

పుల్లంరాజు అర్జీ అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో గోటికి గడి లేదు.

*

డైరెక్టరు దక్షిణామూర్తి గారు చెట్ల శాస్త్రంలో డాక్టరేటు చేసినవారు. ఆయన గది గోడకి ఆ పట్టా వేలాడుతోంది. మంగతాయారు దాని కిందే నిలబడి విషయమంతా చెప్పింది.

"నాకు తెలుసమ్మా," అన్నారాయన. "నా పరిశోధన ఆకు రాల్చే చెట్ల మీదే. ఆరేళ్లు చేశాను. చెట్టు ఆకు ఎందుకు రాలుస్తుందో మూడు వందల పేజీలు రాశాను."

"మరి ఆ ముక్కే పైకి రాసెయ్యండి సార్."

"అది నా సొంత అభిప్రాయం అవుతుంది," అన్నారు ఆయన, ఆ మాట అనడానికే కొంచెం జంకుతూ. "ఇరవై రెండేళ్ల సర్వీసులో ఫైలు మీద నేను అభిప్రాయం రాయలేదు. 'తగు ఆదేశముల కొరకు' అని మాత్రమే రాశాను. ఇప్పుడూ అదే రాస్తాను."

రాశారు. పది రోజులకి జవాబు వచ్చింది. అందులో మూడు ప్రశ్నలున్నాయి. సదరు వృక్షములు ఆకులు రాల్చుటకు ముందస్తు అనుమతి పొందినవా? ప్రక్కనే ఉన్న మామిడి, పనస వృక్షములు రాల్చకుండగా వీటికి మాత్రమే రాల్చవలసిన అగత్యమేమి? రాలిన ఆకులు ప్రస్తుతము ఎవరి స్వాధీనములో ఉన్నవి? చివర ఒక ఆదేశం ఉంది. ముప్పై దినములలోగా జీవలక్షణములు కనబరచని యెడల సదరు వృక్షములను మృతవృక్షములుగా పరిగణించి తొలగించవలెను.

చివరి మాట దగ్గర పుల్లంరాజు గొంతు తగ్గింది. మంగతాయారుకి మాత్రం గట్టిగానే వినిపించింది.

ఆమెకి వెనకటి రోజొకటి జ్ఞాపకం వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కట్లపాము కరిచిన ఒక పడవ సరంగుని తీసుకొచ్చారు. రెప్ప కదలదు, వేలు కదలదు. కుర్ర డాక్టరు కాగితం మీద 'మృతి' అని రాయడానికి పెన్ను తీశాడు. ఆమె ఆ మనిషి చెయ్యి వదల్లేదు. "నాడి అందుతోంది డాక్టరుగారూ, పట్టుకుని చూడండి," అంటూనే ఉంది. పధ్నాలుగు గంటలు వంతులవారీగా, ఊపిరి ఆగకుండా గాలి సంచి నొక్కించింది. నాలుగో రోజున ఆ సరంగు లేచి కూర్చుని, తనకి చారన్నం కావాలన్నాడు. ముట్టుకుని చూడకుండా 'ప్రాణం పోయింది' అనే మాట అప్పట్నించీ ఆమెకి పడదు. అది మనిషైనా సరే, మోడైనా సరే.

మర్నాడు ముప్పై నాలుగు చెట్లకీ ముప్పై నాలుగు నోటీసులు తాడుతో కట్టారు. 'నిన్ను ఎందుకు తొలగించరాదో ముప్పై దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను.' నడకకి వచ్చే పెద్దమనుషులు ఆగి చదివి, ఏమీ అర్థంకాక, మళ్లీ షుగర్ సంగతికి వెళ్లిపోయారు.

తాతబ్బాయి చూసి చూసి మంగతాయారు దగ్గరకొచ్చాడు. గొంతు తగ్గించి, "సిస్టరమ్మా, ఓ మాటండి. పక్కనే మామిడుందండి. దాని ఆకోటి తెంపి సిరాలో అద్ది కొట్టేద్దామండి. రాజధానిలో ఎవుడికి తెలుత్తాదండి బూరుగాకేదో మామిడాకేదో?"

మాట నిజమే. ముప్పై నాలుగు ముద్రలు, ఒక్క పూట పని. మంగతాయారు చాలాసేపు ఆ మామిడి కొమ్మ వంక చూసింది.

"వద్దు తాతబ్బాయ్. ముప్పై నాలుగేళ్లలో ఒక్క దొంగ టెంపరేచరు రాయలేదు నేను. బతికున్నోడికి దొంగ నాడి రాయడమేంటి? రేపు ఎవరైనా పట్టుకుంటే, చెట్టు చచ్చిపోయింది గనకే దొంగ ముద్ర వేశారంటారు. అప్పుడు అడ్డం పడడానికి మన నోరు కూడా లేవదు."

"మరేటి చేత్తామండి?"

"ఆసుపత్రిలో ఏం చేసేవాళ్లం? తెల్లారేదాకా ఎలాగోలా నిలబెట్టేవాళ్లం. వీటినీ లేచేదాకా నిలబెడదాం."

ఆమె చెట్ల తరఫున ముప్పై నాలుగు నోటీసులకీ విడివిడిగా ముప్పై నాలుగు జవాబులు రాసింది. ఒక్కొక్క దానికి పుల్లంరాజు నంబరు వేసి, తేదీ వేసి, ఫైలు కట్టి పంపించాడు. అక్కడ అన్నీ ఒకే సంగతి చెబుతున్నాయా లేదా అని తేల్చుకోవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అన్నీ ఒకే సంగతి చెబుతున్నాయని తేలాక, అన్నిటినీ ఒకేసారి తోసిపుచ్చారు.

మాఘం వచ్చింది. వేపచెట్లు ఆకు మార్చడం మొదలెట్టాయి. బూరుగు కొమ్మల చివర్న బఠాణీ గింజంత మొగ్గలు కనిపిస్తున్నాయి. గడువు మాత్రం అయిపోయింది.

*

మృతవృక్షంగా నమోదు చెయ్యాలంటే దానికీ ఒక అర్జీ ఉంది. అది ప్రధాన కార్యాలయం వాళ్లు మనుషుల అర్జీలోంచే కాపీ చేశారు. మృతుని పేరు, వయసు, తండ్రి పేరు, సమీప బంధువు వాంగ్మూలం, సంతకం.

"తండ్రి పేరు," అన్నాడు పుల్లంరాజు పెన్ను పట్టుకుని. "ఈ గడి ఖాళీగా పంపితే వెనక్కి వస్తుంది సార్."

డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ తాతబ్బాయి నెమ్మదిగా, "మా నాన్న పేరు రాయండి బాబూ," అన్నాడు. "ఆ ముప్పై నాలుగూ నాన్నే పాతాడండి. కావిళ్లతో నీళ్లు మోసి పెంచాడు. మా కంటే వాటినే ఎక్కువ చూసుకునేవోడని మా అమ్మ దెబ్బలాడేదండి."

పుల్లంరాజు ముఖం వికసించింది. గడి నిండింది. తర్వాతి గడికి వచ్చాడు.

"సమీప బంధువు. అయితే నువ్వే తాతబ్బాయ్. రికార్డు ప్రకారం ఇవి నీకు తోడబుట్టినవి. ఇక్కడ సంతకం పెట్టు. 'పై వృక్షములు మరణించినవని నేను ఎరుగుదును.'"

తాతబ్బాయి కాగితం వంక చూశాడు. కిటికీలోంచి దూరంగా మెట్ట అడవి వంక చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను పెట్టనండి."

"అదేంటి?"

"తోడబుట్టినోళ్లని మీరే రాశారు కదండి. తోడబుట్టినోడు నిలబడి ఉండగా పోయాడని నేనెలా సంతకం పెడతానండి? మా నాన్న పైనుంచి చూత్తే ఏవనుకుంటాడండి?"

"ఇది ఆఫీసు ఆర్డరు తాతబ్బాయ్," అన్నారు డైరెక్టరు గారు. గొంతులో ఆర్డరు లేదు.

"ఉజ్జోగం తీసెయ్యండి బాబూ. సంతకం మాత్రం పెట్టనండి."

ఎప్పుడూ ఆయ్ అనేవాడే గాని కాదన్నవాడు కాదు తాతబ్బాయి. పుల్లంరాజు ఉత్తర్వు మళ్లీ తిరగేశాడు. "బంధువు నిరాకరించినచో ఏమి చేయవలెనో ఉత్తర్వులో లేదు సార్. 'తగు ఆదేశముల కొరకు' పంపాలి."

పంపారు. కాగితం వెళ్లింది. బంధువు నిరాకరణ అన్నది రాష్ట్రంలోనే మొదటిసారి కాబట్టి, ప్రత్యేకాధికారి ఒకరు స్వయంగా వచ్చి తనిఖీ చేస్తారని జవాబు వచ్చింది. వారితో పాటు రంపాలవాళ్లు కూడా వస్తారని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

*

ప్రత్యేకాధికారి సర్వోత్తమరావు గారు ఫాల్గుణంలో ఒక మంగళవారం ఉదయం తొమ్మిదింటికి కారు దిగారు. వెనక లారీలో రంపాలవాళ్లు దిగారు. అందరూ కలిసి తూర్పు కొసకి నడిచారు.

మలుపు తిరగ్గానే ఆయన ఆగిపోయారు.

బూరుగులు నిలువెల్లా ఎర్రగా పూసి ఉన్నాయి. ఆకన్నది లేదు, అన్నీ అరచేతులంత పువ్వులే. కాకులు, గోరింకలు, పేరు తెలియని చిన్న పిట్టలు కొమ్మకొమ్మనా కొట్లాడుకుంటున్నాయి. మోదుగలు నిప్పు అంటుకున్నట్టున్నాయి. కొండగోగులకి పసుపుపచ్చటి పువ్వులు. కింద నేలంతా రాలిన పువ్వులు. నడకకి వచ్చే పెద్దమనుషులు ఆరుగురు నోళ్లు తెరుచుకుని, మొదటిసారిగా పైకి చూస్తున్నారు.

"మృతవృక్షములు ఏవి?" అన్నారు సర్వోత్తమరావు గారు.

"ఇవేనండి," అన్నాడు పుల్లంరాజు.

సర్వోత్తమరావు గారు అర్జీ తీసి చదివారు. పైకి చూశారు. మళ్లీ చదివారు. "ఇందులో పత్రము అని ఉన్నది. పుష్పము అని లేదు. మృతిగా ప్రతిపాదింపబడిన వృక్షములు విచారణ పెండింగులో ఉండగా పుష్పించుట క్రమశిక్షణారాహిత్యము." ఒక పువ్వు ఆయన భుజం మీద టప్పున పడింది. దాన్ని తీసి చూస్తూ, "అయితే జనం చూస్తున్నారు," అన్నారు గొంతు తగ్గించి. "పుష్పమును పత్రేతర జీవలక్షణముగా తాత్కాలికముగా అంగీకరించవచ్చును. ఇరవై రెండూ జీవించియున్నవి. రాసుకోండి."

తాతబ్బాయి తలగుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు. మంగతాయారు మాత్రం సర్వోత్తమరావు గారి వంకే చూస్తోంది. ఆయన పక్కకి తిరిగారు. అక్కడ పన్నెండు టేకులున్నాయి. ఆకూ లేదు, పువ్వూ లేదు. బూడిద రంగు స్తంభాల్లా నిలబడి ఉన్నాయి.

"ఇవి?"

మంగతాయారు ముందుకొచ్చి ఒక టేకు బెరడు గీకి చూపించింది. "చూడండి సార్, పచ్చగా ఉంది. ముట్టుకుంటే తడి తెలుస్తుంది."

సర్వోత్తమరావు గారు ముట్టుకోలేదు. "ఆ పచ్చదనము గతకాలపుది కావచ్చును. దీనికి పుష్పము ఎప్పుడు?"

"వానలకండీ."

"అంటే ప్రస్తుతము లేదు." ఆయన రంపాలవాళ్ల వైపు చెయ్యి ఊపారు. వాళ్లు మొదటి చెట్టు దగ్గర సంచి దించారు. "ఇది జీవించియున్నదని చెప్పుటకు ఇక్కడ ఎవరికైనా అధికారము ఉన్నదా?"

తాతబ్బాయి సాక్షి మాత్రమే. మంగతాయారు గౌరవ తోటమాలి. ఇద్దరూ డైరెక్టరు గారి వంక చూశారు. అలవాటు కొద్దీ ఆయన తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసుకున్నారు. వెనక బోగన్‌విల్లా తప్ప ఎవరూ లేరు.

రంపం పళ్లు బెరడుకి తగిలిన చప్పుడైంది.

"ఆగండి," అన్నారు దక్షిణామూర్తి గారు. ఆ గొంతు ఎవరిదా అని ఆయనే కాస్త ఉలిక్కిపడ్డారు. "టేకు వానలు పడ్డాకే చిగురుస్తుంది. అది దాని స్వభావం. ఇవి బతికున్నాయి."

"ఎవరి ఆదేశము ప్రకారము?"

"ఎవరి ఆదేశమూ లేదు. నాకు తెలుసు." ఆయన పుల్లంరాజు చేతిలోంచి ఫైలు తీసుకున్నారు. ఫైలు టేకు మానుకి ఆనించి రాశారు. 'ఈ పన్నెండు చెట్లు బతికి ఉన్నాయి. ఇది నా అభిప్రాయం. ఆషాఢానికి ఆకు రాకపోతే శిక్ష నాకు వెయ్యండి.' కింద పూర్తి పేరుతో సంతకం పెట్టారు.

సర్వోత్తమరావు గారు ఆ కాగితాన్ని పామును చూసినట్టు చూశారు. ఫైలు మీద ఒక అభిప్రాయం ఉంటే, దాన్ని కాదనాలన్నా ఇంకొక అభిప్రాయం రాయాలి. దానికి కింద ఇంకొక సంతకం కావాలి. ఆయనా పాతిక సంవత్సరాల సర్వీసువారు. "ఆషాఢము వరకు వాయిదా," అని లారీని వెనక్కి పంపించేశారు.

ఆ రోజు మధ్యాహ్నం డైరెక్టరు గారు భోజనం చెయ్యలేదు. భయం వేసిందట. సాయంత్రం మాత్రం మెట్ట అడవిలో మంగతాయారు పక్కన గంటసేపు నడుస్తూ, టేకు ఆకు ఎలా రాలుతుందో, తొడిమ దగ్గర చెట్టు ఎలా మెల్లగా తలుపు వేసుకుంటుందో చిన్నపిల్లాడిలా చెప్పారు. ఆమె అన్నీ కొత్తగా వింటున్నట్టే విన్నది.

*

ఆ ఏడు ఎండలు దంచి కొట్టాయి. సంజాయిషీ కోరుతూ డైరెక్టరు గారికి రెండు మెమోలు వచ్చాయి. రేల పూసి రాలిపోయింది. తురాయి పూసి రాలిపోయింది. జ్యేష్ఠం చివర మొదటి వాన పడ్డాక తొమ్మిదో రోజున, తాతబ్బాయి ఆఫీసులోకి చెప్పుల్తోనే పరిగెత్తుకొచ్చి, "వచ్చేసిందండి బాబూ!" అని అరిచాడు. పన్నెండు టేకులూ చిగురు తొడిగాయి. లేత టేకాకుని నలిపితే ఎర్రటి రంగు కారుతుంది. పుల్లంరాజు సిరా దిమ్మ అవసరమే లేకుండా పన్నెండు ముద్రలూ ఎర్రెర్రగా పడ్డాయి. అంత అందమైన ముద్రలు తన సర్వీసులో చూడలేదని అతను ఒప్పుకున్నాడు.

ప్రధాన కార్యాలయం కూడా సంతోషించింది. ఇకమీదట వృక్షముల జీవ నిర్ధారణ వర్షాకాలముననే జరుపవలెనని ఉత్తర్వు ఇచ్చింది. సర్వోత్తమరావు గారి దూరదృష్టిని అందులో కొనియాడింది. మెమోల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పని విజయవంతమైతే విస్తరించాలన్నది ఆ కార్యాలయం నియమం. ఆషాఢంలో ఇంకొక ఉత్తర్వు దిగింది. తోటలో విత్తనాల గది ఒకటి ఉంది. అందులో నాలుగు వందల గాజు సీసాల్లో రకరకాల విత్తనాలు ఎన్నో ఏళ్లుగా నిద్రపోతున్నాయి. వాటికి పత్రాలెక్కడివి? కాబట్టి సదరు విత్తనములు జీవించియున్నవో లేవో ఒక మాసములోగా నిరూపించవలెను.

"విత్తనం బతికుందని నిరూపించడానికి ఒక్కటే దారి సార్," అంది మంగతాయారు.

"పాతడమే," అన్నారు దక్షిణామూర్తి గారు. ఈసారి ఆయన పైకి రాయలేదు.

పాతారు. సీసా సీసా పాతారు. మళ్లు చాలక తొట్లలో, తొట్లు చాలక పాత బకెట్లలో పాతారు. వాన మంచి వాన. పెద్దమనుషులు ఆరుగురూ ముందు ఊరికే నిలబడి చూశారు. రెండో వారానికి పంచెలు ఎగగట్టి నీళ్లు పోశారు. నాలుగు వందల సీసాల్లో మూడు వందల డెబ్బై బతికే ఉన్నాయి. తోట వెనక ఖాళీ నేలంతా పచ్చటి చుక్కలు పరుచుకున్నాయి. ఆ సంగతిని పుల్లంరాజు మంచి దస్తూరీతో నివేదికగా రాసి పంపాడు.

శ్రావణంలో ఒక ముసురు పట్టిన ఉదయం అందరూ మళ్ల దగ్గర ఉండగా జవాబు వచ్చింది. పుల్లంరాజు గొడుగు కింద నిలబడి చదివాడు.

"మీ నివేదిక అందినది. విత్తనములు జీవించియున్నట్లు నిరూపితమైనందుకు కార్యాలయము హర్షము వ్యక్తము చేయుచున్నది. నిరూపణ ప్రయోజనము నెరవేరినందున, సదరు విత్తనములను వెంటనే యథాస్థితిలో సీసాలలో తిరిగి భద్రపరచి, ఆ మేరకు నివేదిక పంపవలెను."

తాతబ్బాయి చేతిలో ఉన్న రెండాకుల మొక్క వంక, పుల్లంరాజు చేతిలోని కాగితం వంక మార్చి మార్చి చూశాడు. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక కళ్ల వెంట నీళ్లు కారాయి.

దక్షిణామూర్తి గారు నవ్వలేదు. బూట్లు విప్పి గట్టు మీద పెట్టారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని మడిలోకి దిగారు.

"సిస్టరమ్మగారూ, వీటిని విడదీసి నాటాలంటే గుంట ఎంత లోతుండాలి?"

"జానెడు చాలు సార్."

ఆయన వంగి తవ్వడం మొదలెట్టారు. పుల్లంరాజు ఇంకా గొడుగు కిందే ఉన్నాడు. జవాబు గడి ఖాళీగా ఉంటే అతనికి అన్నం సహించదు.

"సార్, దీనికి ఏమని రాయమంటారు?"

డైరెక్టరు గారు తలెత్తలేదు. బురద చేతుల్లో ఒక చిన్న మొక్కని పట్టుకుని, దాని రెండు ఆకుల్నీ దగ్గరగా చూస్తున్నారు.

"పరిశీలనలో ఉన్నవి, అని రాయండి."